వల్లియమ్మ రెండు మూటలు

తిరుత్తణిలో పాత్రల కొట్టు చెంగల్వరాయుడి భార్య వల్లియమ్మను భయపెట్టడానికి దయ్యాలూ భూతాలూ అక్కర్లేదు. టీవీలో అడుగున ఎర్రక్షరాలు పరిగెడితే చాలు. అక్కడ ఏం రాసినా ఆమెకు అర్థమయ్యేది ఒకటే: రేపు తినడానికి ఉండదు. కూటమి చీలిందంటే ఆమె చెయ్యి కందిపప్పు డబ్బా మీదికి పోతుంది. ఎమ్మెల్యేలను బస్సెక్కించి ఏదో హోటల్లో దాచారంటే చింతపండు ఎంతుందో చూసుకుంటుంది. ఏ దేశంలోనో యుద్ధం మొదలైందంటే గ్యాస్ సిలిండర్‌ను రెండు చేతులతో కదిలించి బరువు చూస్తుంది.

"వాళ్ళు కుర్చీ కోసం కొట్టుకుంటా ఉంటే నువ్వు ఈడ ఉప్పు కోసం ఏడస్తావేంమే," అనేవాడు చెంగల్వరాయుడు.

"కుర్చీ పోతే వాళ్ళు నిలబడతారు. ఉప్పు పోతే నువ్వు చప్పిడి కూడు తింటావా?" అనేది వల్లియమ్మ.

ఆయన సంచీ తీసుకుని ఉప్పు తేవడానికి బయల్దేరేవాడు. కొండ మీద స్వామి పేరు ఆయనకు, అమ్మవారి పేరు ఈమెకు కుదిరేసరికి, "చెంగల్వరాయుడికి వల్లి దొరికింది సరే, దేవసేన యాడ?" అని పెళ్ళిపందిట్లోనే ఎవరో ఎగతాళి చేశారట. ఇన్నేళ్ళ కాపురంలో దేవసేన మాట ఎత్తే ధైర్యం ఆయనకు ఒక్కనాడూ రాలేదు.

తక్కిన విషయాల్లో వల్లియమ్మ పిరికిది కాదని చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. కొట్టులోకి పాము దూరితే మగవాళ్ళు బల్లలెక్కారు, ఆమె పొరక తీసుకుంది. ఆడికృత్తికకు కావళ్ళు మోసుకొచ్చే జనం వీధి నిండా కిక్కిరిసినప్పుడు, ఒక్కతే కొట్టు చూసుకుంటూ ఒక్క చెంబు కూడా పోనివ్వదు. ఆమె భయమంతా వంటింట్లోనే ఉంది.

అది ఊరికే పుట్టిన భయం కూడా కాదు. కరోనా లాక్‌డౌన్‌లో పాత్రల కొట్టు మూతపడింది. బస్టాండు వెనక వీధి మొత్తం తలుపులు బిగించుకుంది. సంచీ పట్టుకుని బజారుకు పోయిన మొగుడు ఆ సంచీని మడిచి చంకలో పెట్టుకుని తిరిగొచ్చిన రోజున వల్లియమ్మ గడపలోనే కూలబడింది. పాత్రల కొట్టువాళ్ళ ఇంట్లో గిన్నెలకేం కొదవ, వాటిలో వెయ్యడానికే ఏమీ లేదు. అప్పుడు పెరటి తలుపు దగ్గర "అక్కా" అని పిలుపు వినిపించింది. పక్కింటి చెంచమ్మ. ఇంటి ముందు బల్ల వేసుకుని ఇడ్లీలమ్మే మనిషి. కొనేవాళ్ళు లేక తనే కష్టంలో ఉంది. అయినా చేతిలో గిన్నెడు పిండి పట్టుకొచ్చింది. ఆ రోజే కాదు, వీధి మళ్ళీ తెరుచుకునే దాకా పొద్దున్నే ఆ గిన్నె వస్తూనే ఉంది.

అప్పటి నుంచి వల్లియమ్మ రెండు సంగతులు నేర్చుకుంది. చెంచమ్మ లాంటి మనిషి దొరకదన్నది మొదటిది. ఇంట్లో సరుకు నిండుగా ఉండాలన్నది రెండోది. రెండో పాఠమే కాస్త గట్టిగా వంటబట్టింది. కొట్టులో ఉన్న పెద్ద పెద్ద ఎవర్‌సిల్వర్ డ్రమ్ములన్నీ ఒక్కొక్కటే ఇంట్లోకి నడిచాయి. ఎవరైనా డ్రమ్ము కావాలని అడిగితే చెంగల్వరాయుడు నేల చూపులు చూస్తూ "స్టాకు లేదండీ" అనేవాడు.

కొన్నేళ్ళకు ఒక ఆవణి మాసంలో పుకార్లు చుట్టుముట్టాయి. ప్రభుత్వం నేడో రేపో కూలుతుందన్నారు. సముద్రంలో గ్యాస్ ఓడలు ఆగిపోయాయన్నారు. ఒక మధ్యాహ్నం ఫోన్లో ఎవరిదో గొంతు వచ్చింది. బార్డర్ మూసేస్తారు, ఆంధ్రా నుంచి బియ్యం లారీలు రావు, కొనుక్కునేవాళ్ళు ఇప్పుడే కొనుక్కోండి అని. ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. తెలియని గొంతు కాబట్టి అందరూ నమ్మారు.

వల్లియమ్మ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బియ్యం మండీకి పోయింది. అక్కడ జనం తిరునాళ్ళలా ఉన్నారు. తోసుకుంటూ లోపలికి పోయేసరికి మూలన రెండు మూటలు మాత్రం మిగిలాయి. ఆమె ఏమీ అడగలేదు. పోయి ఒక మూట మీద కూర్చుని, రెండోదాని మీద చెయ్యి వేసింది. మండీ ఆయన వచ్చి లెమ్మన్నా లేవలేదు. బండి తోలే ఎలుమలై వచ్చాకే లేచింది. వీధిలో అందరి కళ్ళూ పడతాయని వెనక సందులోంచి ఇంటికి తోలించింది.

మూట విప్పి చూశాక తెలిసింది, అది ఇడ్లీ బియ్యం. లావుపాటి ఉప్పుడు బియ్యం. అన్నం వండితే ఆ ఇంట్లో ఎవరికీ గొంతు దిగదు. రెండో మూటా అదే. కంగారులో సంచీ మీద పేరు చదవలేదు. చదివినా లేచి ఉండేది కాదనుకోండి.

సాయంత్రం చెంచమ్మ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, మండీలో ఇడ్లీ బియ్యం ఒక్క గింజ లేదంట. నీ కాడ రెండు పడి కొలిచేంత ఉండాదా? రేపటికి నానబెట్టాల."

వల్లియమ్మ నోటి నుంచి "లేదు చెంచమ్మా" అన్న మాట వచ్చింది. అది ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇస్తే ఇంకో రెండు పడి అడుగుతుందేమో, తర్వాత వీధంతా వచ్చి నిలబడుతుందేమో, తర్వాత మొగుడు మళ్ళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వస్తాడేమో. ఇన్ని 'ఏమో'లు ఒక్క క్షణంలో ఆమె ముందు వరస కట్టాయి. చెంచమ్మ ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, "సరేలేక్కా" అని వెళ్ళిపోయింది.

మరునాడు చెంచమ్మ ఇంటి ముందు బల్ల పడలేదు. ఆ మరునాడూ పడలేదు. తర్వాత ఆమె బస్సెక్కి నగరి దాకా పోయి బియ్యం మోసుకొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించింది. కానీ గోడ మీంచి "తిన్నావా అక్కా?" అని అడిగే మాట మాత్రం మళ్ళీ వినిపించలేదు.

ఇక చెంగల్వరాయుడి అవస్థ. డ్రమ్ముల్లో అన్నం బియ్యం అయిపోయినా, ఈ రెండు మూటలు ఖర్చయ్యేదాకా కొత్తవి కొననివ్వదు కదా. పొద్దున ఇడ్లీ, రాత్రి ఇడ్లీ, మధ్యాహ్నం మిగిలిన ఇడ్లీలతో ఉప్మా.

"పుణ్యముంటాది, ఒక్క పూట అన్నం పెట్టుమే. ఆ బియ్యమేదో చెంచమ్మకు ఇచ్చేస్తే పోదా?"

"ఇప్పుడెట్ల ఇచ్చేది? ఆ పొద్దు లేదంటివే, ఇప్పుడు యాడి నుంచి వచ్చింది అంటే ఏం చెప్పేది?"

తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పని. నొప్పి ఉంది, అరవడానికి లేదు.

కూతురు విద్యాలక్ష్మి తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో కాపురం ఉంటూ రోజూ రైల్లో చెన్నైకి ఉద్యోగానికి పోయి వస్తుంది. రైల్లో సీటు దొరికిన రోజు తల్లికి ఫోన్ చేస్తుంది. తల్లి గొంతు విని, "అమ్మా, న్యూస్ పొద్దుకు ఒక్కసారే చూడు. ఫోన్లో వచ్చేదంతా నమ్మొద్దు. టీవీ ఆపేసి చూడు, మనసు నిమ్మళిస్తాది," అని బుద్ధి చెప్పింది.

వల్లియమ్మ మంచి మాట వినే మనిషే. టీవీ ఆపింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు వినిపించింది, పక్కింట్లో చెంచమ్మ ఎవరితోనో మాట్లాడి నవ్వడం. ఆ నవ్వు తనతో కాదు. వల్లియమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ప్రభుత్వం పోతే ఇంకోటి వస్తుంది, ఈ మనిషి పోతే ఎక్కడి నుంచి తెచ్చుకునేది? మళ్ళీ టీవీ పెట్టుకుంది. ఆ భయమే కాస్త నయంగా తోచింది.

చూస్తుండగానే పుకార్లు చల్లారాయి. దిల్లీలో వాళ్ళలో వాళ్ళు ఏదో సర్దుకున్నారు. లారీలు ఆగిందెప్పుడని, ఎప్పటిలాగే హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. మండీలో మూటలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఇంతలో పెరటాసి నెల వచ్చింది, తిరుమల శనివారాలు వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది వల్లియమ్మకు మొక్కు.

భయం ముదిరిన రోజున పసుపు గుడ్డలో రూపాయి ముడివేసి ఆమె మొక్కుకుంది. లారీలు ఆగకుండా వస్తే, గోవిందా అంటూ వీధంతా తిరిగి బియ్యం ఎత్తి తళిగ వేస్తానని. ఆ వైపు తెలుగిళ్ళలో అది పాత ఆచారం. ఎంత కలిగినవాళ్ళయినా శనివారం పొద్దున నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి గుప్పెడు గుప్పెడు బియ్యం అడగాలి. ఆ బియ్యం వండి పెరుమాళ్ళకు తళిగ వేసి, అంటే నైవేద్యం పెట్టి, ఇచ్చిన వాళ్ళందరికీ పెట్టాలి. ప్రతి ఏడూ చెంగల్వరాయుడే పోయేవాడు. ఈసారి మొక్కు ఆమెది.

"నాకు సిగ్గుగా ఉండాది. ఇంట్లో బియ్యంతోనే వండేస్తే కాదా?" అంది.

"ఇంట్లో ఉండేది ఉప్పుడు బియ్యం. అది దేవుడికి పనికిరాదు," అన్నాడు చెంగల్వరాయుడు. చాలాకాలం తర్వాత ఒక మాటలో గెలిచినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది. "మా అమ్మ పెట్టిన పద్ధతి మరచిపోవద్దు. ఒక్క ఇల్లు కూడా దాటకూడదు. బియ్యం దేవుడి ముందర పోసేదాకా గోవిందా తప్ప ఇంకో మాట నోట్లోంచి రాకూడదు."

ఆ రెండు నియమాలు వినగానే వల్లియమ్మకు కనిపించింది చెంచమ్మ గడప.

శనివారం పొద్దున తలస్నానం చేసి, నామం పెట్టుకుని, కొట్టులోంచి కొత్త ఇత్తడి చెంబు తీసుకుని ఆమె బయల్దేరింది. వెనకే చెంగల్వరాయుడు గంట కొడుతూ నడిచాడు. వీధి చివరనుంచి మొదలుపెట్టారు, చెంచమ్మ ఇల్లు ఆఖరున వచ్చేలాగా. అది నియమానికి విరుద్ధం కాదని ఆమె ముందే ఆలోచించుకుంది.

ఎస్తేర్ టీచరమ్మ దోసిలి నిండా పోసింది. "మా ఇల్లు దాటేసి పోతారేమో అనుకుంటి," అని నవ్వింది. పోసిన బియ్యంలో వేపాకులు ఉన్నాయి. పురుగు పట్టకుండా నిలవ బియ్యంలో వేసుకునే ఆకులు అవి. వల్లియమ్మ చెంబులోకి చూసి, ఎస్తేర్ ముఖంలోకి చూసి, "గోవిందా" అంది.

తర్వాత దినకర్ ఇల్లు. కరెంటాఫీసులో పనిచేసే దినకర్ ఆ పుకార్ల రోజుల్లో వీధిలో నిలబడి, "ఎవరూ భయపడొద్దండీ, భయపడి కొనేవాళ్ళ వల్లనే సరుకులు దొరక్క తట్టుపాడు వచ్చేది," అని అందరికీ ఉపన్యాసం ఇచ్చినవాడు. ఆయన పోసిన బియ్యంలోంచి అయిదారు ఎండుమిరపకాయలు చెంబులోకి జారాయి. అదీ పురుగు మందే. దినకర్ ఆకాశంలోకి చూశాడు. చెంగల్వరాయుడు గంట ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

ఆ పైన ప్రతి ఇల్లూ అంతే. ఒక ఇంటి బియ్యం కర్పూరం వాసన, ఇంకో ఇంటి బియ్యంలో లవంగాలు. వీధి వీధంతా మూటలు దాచుకుని ఒకరి ముఖం ఒకరు చూసి "ఏమీ లేదు, ఏమీ లేదు" అనుకున్నదన్నమాట. వల్లియమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వొచ్చినప్పుడల్లా గోవిందా అంది. ఇంత భక్తిగా ఆ వీధిలో ఎవరూ బియ్యం ఎత్తలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

చెంబు నిండేసరికి చెంచమ్మ ఇల్లు వచ్చింది. వల్లియమ్మ నవ్వు ఆగిపోయింది. ఇడ్లీ బేరం ముగించుకుని చెంచమ్మ బల్ల కడుగుతోంది. వీళ్ళను చూసి చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఓహో, వల్లియమ్మక్కా! ఏంది ఇట్ల వచ్చినావు?"

"గోవిందా."

"ఇంట్లో బియ్యం లేవా ఏంది?"

"గోవిందా."

"పాపం, లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు. ఆ పొద్దు కూడా లేదంటివి గదా."

"గోవిందా," అంది వల్లియమ్మ. ఈసారి చెంబులోకి చూస్తూ అంది.

"మా గ్రైండరు ఆగిపోయినాక మీ గ్రైండరు మోత బాగా వినిపించిందక్కా. పొద్దునా సాయంత్రమూ. లేని బియ్యాన్ని ఎట్ల రుబ్బుతా ఉండారబ్బా అని గోడకు చెవి పెట్టి విన్నా."

చెంగల్వరాయుడు గంట ఆపాడు. "చెంచమ్మా, అంతా తిన్నది నేనే. నాకు శిక్ష పడిపోయింది తల్లీ," అన్నాడు.

"బావా, నువ్వు గంట కొట్టు."

ఆయన కొట్టాడు.

చెంచమ్మ వల్లియమ్మ దగ్గరికి వచ్చింది. ఎగతాళి పోయింది, కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "నువ్వు ఇయ్యలేదని కాదక్కా నా బాధ. 'ఉండాది చెంచమ్మా, నాకు భయంగా ఉండాది, ఇయ్యలేను' అని ఉంటే సరే అని పోయి ఉందును. నాకు మాత్రం భయం లేదా? ఆ పొద్దు నీ కాడికి వచ్చింది భయపడే గదా. నా ముఖం చూసి లేదన్నావు చూడు, ఆ మాట నాకు అరగలేదు."

వల్లియమ్మకు చెప్పాల్సింది కొండంత ఉంది. నోట్లో ఉన్నది ఒక్క మాట.

చెంచమ్మ లోపలికి పోయి కొలిచే పడి నిండా పచ్చి బియ్యం తెచ్చింది. చెంబులో పట్టక వల్లియమ్మ కొంగు పట్టించి అందులో పోసింది. "దేవుడికి లేదనేది నాకు చేతకాదు. సాపాటుకు మాత్రం నేను రాను. నీకు నోరు వచ్చినాక చూస్తాం," అని తలుపు వేసుకుంది.

ఇంటికి వచ్చి వల్లియమ్మ బియ్యం పెరుమాళ్ళ పటం ముందు పోసింది. నోరు విడుదలైంది. "పొయ్యి వెలిగించుమే, ఈ పొద్దన్నా అన్నం తిందాం," అన్నాడు చెంగల్వరాయుడు ఆశగా.

"ఉండు," అని ఆమె వీధిలోకి పోయి ఎలుమలైని పిలుచుకొచ్చింది. లోపలి గదిలో పట్టుచీర కప్పి దాచిన మూటలు చూపించింది. ఒకటి నిండుగా ఉంది, ఒకటి సగం అయింది.

ఎలుమలై పెద్ద మూట భుజానికెత్తుకుని పెరటివైపు తిరిగాడు. "వెనక సందులోంచే గదామ్మా?"

"వద్దు. ముందర వాకిట్లోంచి పో. అందరూ చూడనీ."

ఎలుమలై ముందు నడిచాడు. సగం మూటను చెరో కొస పట్టుకుని మొగుడూ పెళ్ళాలు వెనక నడిచారు. ఆ మోతలో చెంగల్వరాయుడు చూపిన ఉత్సాహం ఆయన పెళ్ళిలో కూడా చూపలేదు. ఎస్తేర్ కిటికీలోంచి చూసింది. దినకర్ గేటు దాకా వచ్చి చూసి, ఎందుకైనా మంచిదని లోపలికి పోయాడు. పక్కిల్లే కాబట్టి దారి నాలుగడుగులే. వల్లియమ్మకు మాత్రం అది కొండ మెట్లంత దూరం అనిపించింది.

చెంచమ్మ తలుపు తీసింది. వల్లియమ్మ మూట కింద పెట్టింది. దారి పొడుగునా కట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఉండాది చెంచమ్మా," అంది. "ఆ పొద్దు కూడా ఉండింది."

చెంచమ్మ వంగి మూట మూతి విప్పి, గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో అటూ ఇటూ కదిపింది.

"మంచి రకమక్కా. పురుగు తగల్లేదు."

"రోజూ చూసుకుంటి గదా."

"చూసుకుంటావు, చూసుకుంటావు." చెంచమ్మకు నవ్వు వచ్చేసింది. వల్లియమ్మ కూడా నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే, మనసులో మిగిలిన ముల్లును కూడా బయటికి తీసేసింది.

"నాకు ఇంకా భయంగానే ఉండాది చెంచమ్మా. మళ్ళా తట్టుపాడు వస్తే, మళ్ళా ఏమీ దొరక్కపోతే ఏం చేసేది?"

"వస్తే రానీ. నా కాడ ఉంటే నీకు లేదనను. నువ్వంటావా?"

"అనను."

"అయితే కండ్లు తుడుచుకో. నీ ఒక్కదాని చేత వీధికంతా వంట అయ్యేనా?" అని చెంచమ్మ తన పెద్ద గరిటె, జల్లెడ చంకన పెట్టుకుని గడప దాటింది. ఇద్దరూ కలిసి వంటింట్లోకి పోయి, బియ్యంలోంచి వేపాకులూ మిరపకాయలూ లవంగాలూ ఏరడానికి కూర్చున్నారు.